ముందు తరం చూడండి

సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనబోతున్నారా? ఇంటెల్ ప్రాసెసర్ ఐ7 అనగానే ఐ5 కన్నా గొప్పదనుకుంటాం. అన్నిసార్లూ కాదు! పేరు పక్కనున్న నంబరు చూడండి. 7500 అంటే ఏడో తరం. 8250 అంటే ఎనిమిదో తరం. ఇంటెల్ 2017లో తెచ్చిన ఆ 8250 ఐ5లో నాలుగు కోర్లు. ఏడో తరం 7500 ఐ7లో రెండే. అంటే పనిచేసే చేతులు రెట్టింపన్నమాట. వీడియో కాల్‌లో ఉండగా బ్రౌజర్‌లో నాలుగైదు ట్యాబులు తెరవండి, తేడా మీకే తెలుస్తుంది. పైగా ఏడో తరంలో చాలావాటికి విండోస్ 11 అధికారికంగా రాదు. అందుకే మళ్లీ చెబుతున్నా, ముందు తరం చూడండి. ఐ5, ఐ7 తర్వాత.

మరి ఇంట్లో పాతదుంటే? తొందరపడి అమ్మేయకండి. టైపింగుకీ, సినిమాలకీ, పిల్లల పాఠాలకీ అది చాలు. నత్తనడక చాలాసార్లు ప్రాసెసర్‌ది కాదు, హార్డ్‌డిస్క్‌ది. దాన్ని తీయించి ఎస్‌ఎస్‌డీ వేయించండి.