జ్వాలాపురపు బూడిద



ప్రళయమెన్నడని మీలో పలువురు అడుగుచున్నారు. తేదీలు చెప్పువారు చాలమంది గలరు, నేను చెప్పలేను. జరిగిపోయినదొకటి చెప్పెదను.

యాగంటి క్షేత్రమునకు చేరువనే, బనగానపల్లె ప్రాంతమున, జ్వాలాపురమను గ్రామము గలదు. ఊరి పేరు అగ్నిని తలపించుట చిత్రము. అచట నేలను త్రవ్వగా తెల్లని బూడిదపొర బయల్పడినది. అది ఏ యజ్ఞకుండమునందలిదియు గాదు. సుమారు 74,000 ఏండ్ల క్రిందట సుమత్రా దీవియందలి తోబా అగ్నిపర్వతము బ్రద్దలైనపుడు సముద్రము దాటి వచ్చి పడిన బూడిద! వాననీటికి కొట్టుకొనివచ్చి, కొన్నిచోట్ల మనిషి నిలువెత్తున పేరుకొన్నది. పర్వతమున్నచోట నేడొక మహాసరస్సున్నది. ఆనాడు మానవజాతి కొన్నివేలమందికి తగ్గిపోయెనని కొందరు శాస్త్రజ్ఞులందురు, కాదని మరికొందరు. అయితే జ్వాలాపురమున ఆ పొర క్రిందను రాతిపనిముట్లు దొరకినవి, పైనను దొరకినవి. రెండును ఇంచుమించు ఒకే తీరువి.

భాగవతమున మత్స్యమూర్తి సత్యవ్రతునకు ప్రళయమును ఏడుదినములు ముందుగా తెలిపి, ఓషధులను, విత్తనములను ఓడకెక్కింపుమనెను. బంగారము మాట ఎత్తలేదు సుమా!

జ్వాలాపురమువానికి ముందుగా తెలిపినవారెవరు? అయినను ఆ బూడిద నేలపైననే ఎవరో మరల కూర్చుండి, రాయి చెక్కుట మొదలిడిరి.