సరస్సు ఒడ్డు నుంచి శేషాచలం దాకా
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరును మాట్లాడమంటే వంతెనల గురించో, మన పక్కనున్న శ్రీహరికోట గురించో చెబుతాడనుకుని ఉంటారు. నేను నడక గురించి చెబుతాను. డాక్టర్లు చెప్పే పొద్దుటి నడక కాదులెండి. రోజుల తరబడి ఊళ్లు దాటుకుంటూ కొండకు చేరే నడక.

అమెరికాలో అప్పలాచియన్ ట్రెయిల్ అని ఒక కాలిబాట ఉంది. పొడవు దాదాపు 3,500 కిలోమీటర్లు. బెంటన్ మెకై అనే అటవీ నిపుణుడు 1921లో ఆ ఆలోచన బయటపెట్టాడు. 1937కి బాట పూర్తయింది. దాని ఫొటోలు చూసినప్పుడు నాకు కొండలకన్నా చెట్ల మీది తెల్లరంగు గుర్తులే ముందు కనిపిస్తాయి. రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు, అంతే. ఆ గుర్తు పట్టుకుని పోతే దారి తప్పరు. రంగు వేసేది, అడ్డంపడిన చెట్టు తీసేది చాలావరకు ఆ ప్రాంతపు స్వచ్ఛంద సంఘాలవాళ్లే. ఒక్కో సంఘం బాటలో ఒక్కో ముక్క చూసుకుంటుంది.

మనకు అలాంటి బాటలు లేవనుకోకండి. పెరటాసి నెలలో ఊత్తుకోట, సురుటుపల్లి, నాగలాపురం, నారాయణవనం, పుత్తూరు రోడ్డు మీద నిలబడి చూడండి. పసుపు బట్టలు, నెత్తిన మూట, గోవిందనామాలు. బ్రహ్మోత్సవాలకు మద్రాసు నుంచి గొడుగులు కూడా నడిచే వస్తాయి. ఏ ప్రభుత్వమూ ప్రారంభించని ఈ బాటలను తరతరాలుగా జనమే నడిచి నిలబెట్టుకున్నారు.

అయితే ఆ నడిచేవాళ్లు ఎక్కడ నడుస్తున్నారు? తారు అంచున. లారీలు రాసుకుంటూ పోతుంటే, చీకట్లో, చెప్పుల్లేని కాళ్లతో. రోడ్డు వెడల్పయినప్పుడల్లా తారు పెరుగుతుంది, చింతచెట్లు పోతాయి, మట్టి అంచు తగ్గుతుంది. మా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. రోడ్డు ఎంత వెడల్పు వేయాలో తేల్చడానికి వాహనాలన్నిటినీ కార్ల లెక్కలోకి మారుస్తాం. సైకిల్‌కు అరకారు విలువ ఇస్తాం. ఎడ్లబండికీ ఒక అంకె ఉంది. నడిచే మనిషికి ఆ పట్టికలో అంకే లేదు.

కొండ దగ్గర పరిస్థితి వేరు. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీనివాసమంగాపురం వైపు శ్రీవారిమెట్టు 2.1 కిలోమీటర్లే, 2,388 మెట్లు. అలిపిరిలో గాలిగోపురం చేరేసరికే సగానికి పైగా మెట్లు అయిపోతాయి. తర్వాత చదునుగా పోనిచ్చి, ఊపిరి కుదుటపడ్డాక మోకాళ్లమెట్టు పెడుతుంది. ఏ కాలేజీలో చదివినవాళ్లు వేశారో ఈ దారి! నీడ, నీళ్లు, దీపాలు అన్నీ ఉన్నాయి. అయినా అడవి అడవే. 2023 ఆగస్టులో ఆ దారిలో ఒక చిన్నపాప చిరుతకు బలైంది. ఆ తర్వాతే పిల్లల విషయంలో వేళలు పెట్టారు, నడిచేవాళ్లకు చేతికర్రలిచ్చారు. అంత కట్టుదిట్టమైన దారిలోనే ఇలా జరిగితే, ఏ గుర్తూ లేని కొండల మాటేమిటి?

మన ఉబ్బలమడుగునే తీసుకోండి. మద్రాసు కుర్రాళ్లు తడ జలపాతం అంటారు. కార్తీకంలో పైన కొండమీద వాన పడితే కింద ఎండ కాస్తున్నా వాగు ఉరుకుతుంది. ఈ సంగతి మనకు తెలుసు, వాళ్లకు తెలియదు. ఇంకొకటి, ఈ ప్రాంతపు కొండల్లో ఎర్రచందనం ఉంది. అటవీశాఖ అనుమతి లేకుండా లోపల తిరిగితే చేతిలో కెమెరా ఉన్నా దుంగ ఉన్నట్టే చూస్తారు. అందుకని నేను అడవిలో కొత్తదారి తొక్కమనడం లేదు.

నేననేది ఊళ్ల మధ్య దారి. తడ దగ్గర సరస్సు ఒడ్డున మొదలుపెట్టి సత్యవేడు, సురుటుపల్లి, నాగలాపురం, నారాయణవనం, పుత్తూరు మీదుగా తిరుపతి. ఇంచుమించు 100 కిలోమీటర్లు. రోజుకు 20 చొప్పున అయిదు రోజులు. మొదట రాజహంసలు, సురుటుపల్లిలో పడుకున్న శివుడు, నాగలాపురంలో మత్స్యావతారం, నారాయణవనంలో పద్మావతీ శ్రీనివాసుల పెళ్లి జరిగిన చోటు. చివర అలిపిరి. ఇంతకన్నా మంచి దారి ఏ దేశంలో ఉందో నాకు చూపించండి.

వీలైన చోటల్లా పెద్ద రోడ్డు వదిలి చెరువుకట్టల మీదుగా, పాత బండిదారుల మీదుగా పోవాలి. ఊరివాళ్లను అడిగితే చెబుతారు, పంచాయతీ ఒప్పుకుంటే గుర్తులు పెట్టుకోవచ్చు. కావలసింది కిలోమీటరుకో సున్నం కొట్టిన రాయి, అయిదు కిలోమీటర్లకో చలివేంద్రం, నాలుగు వేపమొక్కలు, వాటికి రెండేళ్లు నీళ్లు. నాటడం ఒక పూట పని. నీళ్లు పోయడమే కష్టం, అక్కడే మన సంఘం పనికొస్తుంది.

ఒక్కో బ్యాచ్ అయిదు కిలోమీటర్లు తీసుకుంటే ఇరవై బ్యాచ్‌లు చాలు. ఈ హాల్లో అంతకన్నా ఎక్కువే ఉన్నాయి. తడ నుంచి మొదటి అయిదు కిలోమీటర్లు మా బ్యాచ్‌వి, వాటిని ఎవరికీ ఇవ్వం. మిగతా ముక్కలకు భోజనాలయ్యాక నా దగ్గర పేర్లు రాయించండి. పుస్తకం తెచ్చాను.