కమిషన్ రాయని అధ్యాయం
(మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆడపిల్లల చదువు గురించి మాట్లాడమంటే ఈవిడ ఒక మగ డాక్టరు కథ ఎత్తుకుందేమిటని మీరనుకోవచ్చు. ఆయన మా కర్నూలులో పుట్టినాయన. మన హైస్కూలు చదువుల మీద ఆయన ముద్ర చాలాకాలం ఉంది. అందుకే ఆయనతో మొదలుపెడుతున్నాను.

ఆర్కాట్ లక్ష్మణస్వామి ముదలియార్ 1887లో పుట్టారు. కవల సోదరుడు రామస్వామి ముదలియార్ రాజకీయాల్లోకి వెళితే ఈయన వైద్యంలోకి, అందులోనూ ప్రసూతి వైద్యంలోకి వెళ్ళారు. మద్రాసులో ఎగ్మూరు స్త్రీల ఆసుపత్రిలో పనిచేశారు. మద్రాసు మెడికల్ కాలేజీకి మొదటి భారతీయ ప్రిన్సిపాల్ అయ్యారు. కాన్పుల వైద్యం మీద ఆయన రాసిన పాఠ్యపుస్తకం 1938లో వచ్చింది. ఆయన పోయాక కూడా దాన్ని సవరించి అచ్చువేస్తూ వచ్చారు. 1942లో మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరై 1969 వరకు, అంటే 27 ఏళ్ళు, ఆ పదవిలో ఉన్నారు. 1961లో ఢిల్లీలో జరిగిన ప్రపంచ ఆరోగ్య సభకు అధ్యక్షులయ్యారు. 1974లో మరణించారు.

మనకు ముఖ్యమైనది 1952. ఆ ఏడాది కేంద్ర ప్రభుత్వం వేసిన సెకండరీ విద్యా కమిషన్‌కు ఆయనే అధ్యక్షులు. 1953లో నివేదిక వచ్చింది. పుస్తకాల చదువొక్కటే చదువు కాదని, పిల్లల అభిరుచిని బట్టి ఎంచుకోవడానికి ఏడు విభాగాలుండాలని అందులో చెప్పారు.

ఆ నివేదికలో స్త్రీ విద్యకు ప్రత్యేకంగా అధ్యాయం లేదు. మరచిపోయి వదిలేసింది కాదు. మగవాళ్ళకు అందే ప్రతి చదువూ ఆడవాళ్ళకూ అందాలి కనుక విడిగా చర్చించనక్కరలేదని కమిషన్ అభిప్రాయపడింది. కమిషన్‌లో హంసా మెహతా కూడా సభ్యురాలు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనలో 'మగవారందరూ' అని అర్థం వచ్చే మాట తీయించి 'మానవులందరూ' అని పెట్టించినావిడ ఆమే. ఆడపిల్లలకు వేరే చదువు చాలునని పెద్దలు వాదించే రోజుల్లో ఈ సమానత్వపు మాట చిన్నదేమీ కాదు. అయితే అదే నివేదిక బాలికల బడుల్లో గృహ విజ్ఞానానికి ప్రత్యేక సౌకర్యాలుండాలని కూడా అంది!

నా సంగతి చెబుతాను. డెబ్బైలలో మా ఊళ్ళో బడి ఏడో తరగతి వరకే. హైస్కూలు నాలుగు మైళ్ళ దూరం. దారి బాగుండదని అక్కను మానిపించారు. అన్నకు సైకిలుంది కనుక వెనకాల కూర్చుని నేను వెళ్ళగలిగాను. అక్కడ మగపిల్లలకు కాంపోజిట్ లెక్కలు, మాకు జనరల్ లెక్కలు. "మీకిది తేలికమ్మా" అన్నారు మాస్టారు. మమ్మల్ని అడిగినవాళ్ళు లేరు. పదో తరగతి పాసై ఇంటర్‌లో ఎం.పి.సి. కావాలని వెళితే, కాంపోజిట్ లెక్కలు లేకపోతే సీటు లేదన్నారు. ఆడపిల్లలకు లెక్కలు వద్దని రాసిన కాగితం ఏదీ నాకెవరూ చూపించలేదు. అయినా నా తలుపు మూసుకుపోయింది.

ఆసుపత్రి తలుపు అందరికీ తెరిచే ఉంటుంది. కానీ నొప్పులు పడుతున్న మనిషి అక్కడికి చేరాలంటే బండి కావాలి, డబ్బు కావాలి, ఇంట్లో ఒప్పుకోవాలి. కాన్పుల వార్డులో పనిచేసిన వారికి ఇది ఎవరైనా చెప్పాలా? బడి విషయంలోనూ ఇదే లెక్క వేసి ఉండవలసింది.

ఆ లెక్క వేసింది మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1958లో వేసిన జాతీయ స్త్రీ విద్యా కమిటీకి ఆమె అధ్యక్షురాలు. స్త్రీ విద్యను ప్రత్యేక సమస్యగా తీసుకుని, దానికి విడిగా యంత్రాంగం, నిధులు ఉండాలని 1959 నివేదికలో ఆ కమిటీ కోరింది. తరువాత హంసా మెహతా అధ్యక్షతన మరో కమిటీ, ఆడా మగా అని పాఠ్యాంశాలు వేరు చేయకూడదని చెప్పింది. ఈ రెంటికీ వైరుధ్యం లేదు. పాఠం ఒకటే ఉండాలి, ఆ పాఠం దాకా ఆడపిల్లను చేర్చడానికి ప్రత్యేక ప్రయత్నమూ ఉండాలి.

2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ వరకే. ముదలియార్ కమిషన్ పరిశీలించిన హైస్కూలు దశలో చాలా భాగం ఆ హక్కుకు బయటే మిగిలింది. మన పిల్లలు బడి మానేస్తున్నదీ, పెళ్ళిపీటలెక్కుతున్నదీ సరిగ్గా అక్కడే.

కాబట్టి ఒక పని చేద్దాం. మీ ఊళ్ళో ఎనిమిది దాటిన ఆడపిల్లల పేర్లు రాయండి. ఎవరు మానేశారు? బస్సు లేకనా, మరుగుదొడ్డి లేకనా, పెళ్ళి చేశారా? చదువుతున్నవాళ్ళను ఇంటర్‌లో ఏ గ్రూపులో చేర్చారు, ఆ గ్రూపు ఎవరు నిర్ణయించారు? ఇవన్నీ ఆ పిల్లలనే అడగండి. వచ్చే సమావేశానికి జాబితాలు తెండి. వాటితోనే అధికారుల దగ్గరకు వెళదాం.