బదిలీ - రెండూళ్ల కాపురపు లెక్క



కేంద్ర ప్రభుత్వోద్యోగి చేతికి బదిలీ ఉత్తరువు అందిన రాత్రి ఇంటిలో ముందుగా బయటికి వచ్చునవి కాగితము, కలము. "అక్కడ అద్దె యెంత?" అను ప్రశ్నతో మొదలైన లెక్క తరచుగా అద్దెతోనే ముగియును. చిక్కంతయు అక్కడనే యున్నది.

విశాఖపట్నము నుండి ఢిల్లీకి బదిలీ యైన యొక కుటుంబమును ఉదాహరణముగా గైకొనవచ్చును. లెక్కకు సులువుగా మూలవేతనము 50,000 రూపాయలనుకొన్నచో, 7వ వేతన సంఘపు విధానములో 2024 జనవరి నుండి అమలైన రేట్లనుబట్టి ఇంటి అద్దె భత్యము విశాఖలో 20 శాతము, అనగా 10,000. ఢిల్లీలో 30 శాతము, అనగా 15,000. ఈ అయిదువేల హెచ్చును చూచి సంతసించువారు కరవు భత్యమును మరతురు. అది అఖిల భారత పారిశ్రామిక కార్మికుల ధరల సూచిక ననుసరించునది గనుక రెండూళ్లలోను ఒక్కటే. పెద్ద నగరములవారికి పూర్వముండిన నగర పరిహార భత్యము 2008లో 6వ వేతన సంఘముతో రద్దైనది. రవాణా భత్యము ఢిల్లీలో కొంత హెచ్చే. కాని అది ఆఫీసు దారిలోనే కరగిపోవును.

అద్దెకు బయటనున్న ఖర్చులే అసలైనవి. ఎదుగు పిల్లలకు ఏటేట ఉన్నిదుస్తులు కొనవలెను. విశాఖలో రజాయి అను మాటతోనే పనిలేదు. తెలుగువారి నాలుకకు గోధుమ రొట్టె కొన్నాళ్లు వేడుక, పిమ్మట బియ్యమే కావలెను. సెలవునుండి తిరిగి వచ్చునపుడు బియ్యపు మూటను రైలెక్కించువారు నేటికిని కలరు!

ప్రయాణపు ఖర్చు వేరు. ఊరికి పోవు సెలవు ప్రయాణ రాయితీ సాధారణముగా రెండేండ్లకొకమారు. స్వగ్రామమున నున్న తల్లికి జబ్బు ఆ లెక్క చూచుకొని రాదు.

పిల్లల చదువు నెపమున భార్యను విశాఖలో నుంచి ఉద్యోగి ఒంటరిగా పోవుట మిక్కిలి ఖరీదైన పొదుపు. అద్దె భత్యము సామాన్యముగా పనిచేయు చోటికే లభించును; అద్దెలు రెండు, పొయ్యిలు రెండు. బదిలీపై వచ్చు ఉద్యోగుల పిల్లలకు కేంద్రీయ విద్యాలయములలో ప్రాధాన్యము కలదు. ఢిల్లీలో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాలలును కలవు. విచారించక కాపురమును చీల్చుట తగదు.

సర్కారు క్వార్టరు దొరికినచో లెక్క తారుమారగును. అద్దె భత్యము నిలిచిపోయి, స్వల్పమైన లైసెన్సు ఫీజు మాత్రము కోతపడును. అందుచేత చేరిన వెంటనే దరఖాస్తు పెట్టవలెను.

బయలుదేరుటకు మున్ను మూడు నెలల ఇంటి పద్దును ముందుంచుకొని, ఊరు మారిన మారునవి, మారనివి వేరుచేయుట మంచిది. ఈ పని గృహిణి చేసినచో మరింత నిజముగా నుండును. ఉప్పు ధర తెలిసినది ఆమెకే. 7వ వేతన సంఘపు నియమములలో బదిలీ గ్రాంటు సాధారణముగా మూలవేతనములో 80 శాతము, పై ఉదాహరణలో 40,000. దానిని సోఫాలకు వెచ్చింపక, ఇంటి అడ్వాన్సుకును, తొలి చలికాలమునకును, అమ్మను చూడబోవు ఒక టిక్కెట్టుకును దాచుకొనవలెను.