జపాను గృహములలో తేనీటి బీరువా

మన పెద్దలనాటి ఇండ్లలో భోషాణమునకు ఎట్టి స్థానముండెడిదో, జపాను గృహములలో తన్సు అను చెక్క బీరువాకు అట్టి స్థానముండెడిది. బట్టలకొకటి, వర్తకుని లెక్కల పుస్తకములకొకటి, ఓడవారి కాగితములకును రొక్కమునకును ఒకటి, వంటయింటి పాత్రలకొకటి, ఈ రీతిగా ఒక్కొక్క పనికి ఒక్కొక్క తన్సును అచటి వడ్రంగులు చేసెడివారు. తేనీటి సామగ్రికై చేసిన చిన్న బీరువాకు చాదన్సు అని పేరు. చా అనగా తేయాకు. మనము వాడు చాయ్ అను మాటయు, ఆ మాటయు చీనాదేశమున ఒకే యింట పుట్టినవి. ఆ చాదన్సును గురించి నేడు ముచ్చటింపదలచితిమి.

దీనిపై మాకు ఆసక్తి కలుగుటకు మా పొరపాటే కారణము. మిత్రులొకరు జపాను నుండి వచ్చుచు సెంచా అను పచ్చని తేయాకును ఒక పొట్లము తెచ్చి యిచ్చిరి. రెండు మూడు దినములు వేడినీట వేసికొని త్రాగితిమి. దాని వాసన అప్పుడే కోసిన లేతగడ్డిని తలపించినది. ఇంత చక్కని వస్తువును భద్రముగా దాచవలెనని తలచి, మిగిలిన ఆకును ఆ కాగితపు పొట్లముతోనే మా యింటి కర్పూరపు చెక్క పెట్టెలో ఉంచితిమి. పాత పెట్టె, గట్టి పెట్టె, పురుగు దరిచేరని పెట్టె. ఇంతకన్న ఏమి కావలెనని మా ఊహ. నెల దినముల తరువాత ఆ మిత్రులే మా యింటికి వచ్చినపుడు ఆ ఆకుతోనే తేనీరు చేసి యిచ్చితిమి. వారు ఒక గ్రుక్క త్రాగి, కప్పు క్రింద పెట్టి, "ఇందులో హారతి కర్పూరము గాని వేసితిరా?" అని మర్యాదగానే అడిగిరి.

తప్పు పెట్టెది కాదు, మాది. తేమ, గాలి, వెలుతురు, వేడి, పరాయి వాసన, ఈ అయిదును తేయాకునకు గిట్టనివి. ఎండిన ఆకు తన చుట్టునున్న తేమను, వాసనను దూదివలె పీల్చుకొనును. చీనావారు మల్లెపూవులతో కలిపియుంచి మల్లె తేయాకును తయారు చేయుట ఈ గుణము వలననే. కాని ఆకునకు మంచిచెడ్డల విచక్షణ లేదు. దానికి మల్లెయు ఒకటే, కర్పూరమును ఒకటే, మన వంటయింటి ఇంగువయు ఒకటే.

జపానులో ఈ చిక్కు మరింత హెచ్చు. అచట తొలి కోత ఏప్రిలు చివర మొదలై మే నెలలో సాగును. జూను నెలలో వానకారు ప్రవేశించి జూలై నడుమ వరకు విడువదు. అనగా సంవత్సరమునకెల్ల శ్రేష్ఠమైన ఆకు చేతికందిన నెలకే గోడలు చెమ్మగిల్లును. చిలికి త్రాగు మత్చా పొడికి కావలసిన ఆకును పూర్వము పెద్ద మట్టిజాడీలలో పోసి, మూతి బిగించి, ముద్రవేసి, నవంబరు వరకు విప్పెడివారు కారు. ఆ ముద్ర విప్పుట తేనీటి గోష్ఠుల వారికి నేటికిని ఒక పండుగ. ఊరగాయ జాడీకి వాసెన కట్టిన చేతులకు ఇందులో వింత యేమియు తోచదు.

పాత్రల సంగతి దీనికి పూర్తిగా ఎదురు. వాటికి గాలి కావలెను. రాకు అను తెగకు చెందిన గిన్నెలు తక్కువ వేడిలో కాలినవగుటచే నీటిని లోలోపలకు పీల్చుకొనును. పైకి ఆరినట్లు కనిపించినను లోపల తడి యుండును. అట్టి గిన్నెను అదే పూట గుడ్డలో చుట్టి పెట్టెలో బిగించితిమా, కొన్నాళ్లకు బూజు పట్టి, ముక్కవాసన కొట్టును. ఎంత పెద్ద కుమ్మరి చేసిన గిన్నెయైనను ఆ వాసన ఒక పట్టాన వదలదు. అందుకే తెలిసినవారు వాడిన గిన్నెను కొన్ని దినములు నీడన ఆరనిచ్చి గాని పెట్టెలో ఉంచరు. మత్చా చిలుకు వెదురు కుంచెయు ఇట్టిదే. కావున గాలిని కోరు వస్తువును, గాలిని ఓర్వని వస్తువును ఒకే బీరువాలో కాపురముంచవలెను. చాదన్సులోని నేర్పంతయు ఇచటనే యున్నది.

మెయిజీ కాలమునుండి, అనగా 1868 తరువాత, ఈ బీరువా సామాన్య గృహములలోనికి క్రమముగా వచ్చెను. కుటుంబమెల్ల కూర్చుండు గదిని చానొమా అందురు. ఆ గదిలో పొడవైన కుంపటి, దానిపై మరగు నీళ్ల పాత్ర, ప్రక్కన చాదన్సు. చాపలపై కూర్చుండు దేశము గనుక, కూర్చున్న యిల్లాలు లేవకయే అన్నియు అందుకొనునట్లు దానిని పొట్టిగా చేసిరి. ప్రక్కకు జరుగు తలుపులు, ఎగుడుదిగుడు అరలు, క్రింద చిన్న సొరుగులు. తలుపులు తరచుగా జరుగుచుండుటచే పాత్రలకు గాలి దొరకును. తేయాకు మాత్రము అరలో విడిగా ఉండదు. అది తన రేకు డబ్బాలో, ఆ డబ్బా బీరువాలో. 1875లో క్యోటో నగరమున స్థాపితమైన కైకాదో వారు నేటికిని చేతితో చేయు డబ్బాలో మూతను పైన ఆనించినచో చాలును, అది తన బరువుతో మెల్లమెల్లగా దిగి తానే మూసికొనును. ఎక్కువ ఆకును దాచుటకు వెలుపల సుగి చెక్కయు, లోపల రేకు పొరయు గల పెట్టెలు వేరుగా ఉన్నవి. బీరువా ఇల్లయినచో డబ్బా దానిలోని పడకగది యనవచ్చును.

చెక్క ఎన్నికలోను ఆలోచన కలదు. కిరి అను చెట్టు చెక్క మిక్కిలి తేలిక, దానికి ఘాటైన వాసన లేదు. దానితో చక్కగా చేసిన బీరువాలో ఒక సొరుగును మూసినచో లోపలి గాలి త్రోపుడుకు మరియొక సొరుగు కొంచెము ముందుకు వచ్చును. పని నాణ్యమునకు అచటివారు దీనిని గురుతుగా చెప్పుదురు. బీరువా ముఖమునకు నారల అందము గల కేయాకి చెక్కను వాడుదురు. పట్టుపురుగులు మేయు మల్బరీ జాతి చెక్కతోను తోక్యోవారు సున్నితమైన బీరువాలు చేసిరి. వంటయింటి పాత్రల బీరువా పేరు మిజుయ తన్సు. అందు హినోకి, సుగి చెక్కలు హెచ్చు. వాటికి సుగంధము కలదు, పాత్రలకు దానివలన హాని లేదు. తేనీటి గోష్ఠికి సన్నాహము చేయు గదికిని మిజుయ యనియే పేరగుటచే వినువారు తికమకపడుట కలదు. కర్పూరపు చెక్క బట్టలకు శ్రేష్ఠము. ఈ ఒక్క మాట మాకు ముందుగా తెలిసియున్న బాగుండెడిది.

రెండవ ప్రపంచయుద్ధము తరువాత జపాను ఇండ్లలో కుర్చీలు, బల్లలు వ్యాపించి, పాత తన్సులు అనేకము పరదేశములకు తరలిపోయెను. మద్యపు సీసాలు పెట్టుకొనువారు కొందరు, మరల తేనీటి సామగ్రికే వాడువారు కొందరు. ఈ రెండవ తెగవారికి మా మనవి ఒకటి. పాత బీరువా కొనునపుడు ఇత్తడి పిడులను చూచి మురియుటకు ముందు సొరుగులు లాగి వాసన చూడవలెను. నేఫ్తలిన్ ఉండలు, కొత్త వార్నీషు, బూజు, ఈ మూడింటిలో ఏది తగిలినను అనుమానింపవలసినదే. ఒక కప్పులో కొంచెము తేయాకు వేసి, మూత లేకుండ ఒక రాత్రి లోపల ఉంచి, మరునాడు ఆ ఆకుతో తేనీరు చేసి త్రాగినచో నిజము నాలుకయే చెప్పును. చలిదేశములలో వెచ్చజేసిన గదుల పొడిగాలికి ఈ చెక్క బీటలు వారును గనుక, దానిని వేడి యంత్రమునకు దూరముగా ఉంచవలెను.

మా మిత్రులు మన్నించి మరల ఒక పొట్లము పంపిరి. దానిని బిగుతైన రేకు డబ్బాలో పోసితిమి. విప్పని పొట్లమును శీతలపేటికలో ఉంచవచ్చును గాని, పైకి తీసిన వెంటనే విప్పరాదు. చల్లని ఆకుపై గాలిలోని తేమ చేరును. అది గది వేడికి వచ్చు వరకు ఓపిక పట్టవలెను. విప్పిన పిమ్మట నెల దినములలో త్రాగివేయుటయే మేలు. మా కర్పూరపు పెట్టెలో ఇప్పుడు శాలువలున్నవి.