రూలు మన కోసమా, మన మీదా?

(డిసెంబరు మొదటి ఆదివారం సమావేశంలో మాట్లాడిన మాటలు. డ్యూటీ వల్ల రాలేకపోయిన వాళ్ల కోసం టైప్ చేసి పెడుతున్నాం.)



నేను లాయర్‌ని కాదు, నాయకుడిని కాదు. పదో తరగతి చదివి ఇక్కడికి హెల్పర్‌గా వచ్చాను, ఇప్పుడు సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. సంఘం వాళ్లు "అన్నా, ఈసారి నువ్వు మాట్లాడు" అన్నారు. ఏం మాట్లాడాలి అంటే, మీరే విషయం ఇచ్చారు.

మనవాళ్లు కొందరు ఉండే ఒక డార్మ్‌లో ఈమధ్య నోటీసు పెట్టారు. ఫోన్లు, డబ్బులు పోతున్నాయి కాబట్టి ఇకమీద ఎప్పుడైనా లాకర్లు తెరిచి చూస్తాం, మనిషి లేకపోయినా చూస్తాం అని. దాని మీద మన గ్రూపులో రెండు రోజులు ఒకటే గొడవ. ఫోను పోయిన తమ్ముడు "చూస్తే చూడనీ, దొంగ దొరకాలి" అంటాడు. ఇంకో తమ్ముడు "నేనేం దొంగనా, నా పెట్టె నేను లేకుండా ఎందుకు తెరవాలి" అంటాడు. నన్నడిగితే ఇద్దరి మాటా న్యాయమే. అందుకే ఇది కష్టమైన విషయం.

మన పనిలో ఉన్న ఉదాహరణే చెప్తాను. ఎత్తు మీద పని చేసేవాడు హార్నెస్ కట్టకపోతే నేను పని ఆపేస్తాను. తిట్టుకున్నా సరే ఆపేస్తాను. హార్నెస్ కట్టుకుంటే మనిషి ఇష్టం వచ్చినట్టు తిరగలేడు, నిజమే. కానీ పడితే ప్రాణం పోదు. అయితే తాడు మరీ పొట్టిగా ఉందనుకోండి, చెయ్యి పని దాకా అందదు. అప్పుడేం చేస్తాడు? హుక్ తీసేసి పని చేస్తాడు. కాపాడాల్సిన తాడు వల్లే ప్రమాదం వస్తుంది. మరీ పొడుగ్గా ఉంటే పడినప్పుడు నేల తగులుతుంది. అంటే తాడు ఉండాలి, కానీ పనికి తగిన పొడవు ఉండాలి. జాగ్రత్త కోసం పెట్టే ఏ రూలైనా అంతే.

ఇప్పుడు మనవాళ్ల మీద నడిచిన మూడు నాలుగు సంగతులు చూద్దాం. కొత్తగా వచ్చిన తమ్ముళ్లకు ఇవి తెలియవు.

మొదటిది 2013 డిసెంబరు 8. ఆదివారం రాత్రి లిటిల్ ఇండియాలో, రేస్ కోర్స్ రోడ్డు, హాంప్‌షైర్ రోడ్డు కలిసే చోట తమిళనాడు నుంచి వచ్చిన 33 ఏళ్ల నిర్మాణ కార్మికుడు బస్సు కింద పడి చనిపోయాడు. దాంతో కొన్ని వందల మంది రెచ్చిపోయారు. పోలీసు కార్లు తిరగేశారు, అంబులెన్సు తగలబెట్టారు. 1969 తర్వాత సింగపూర్‌లో అలాంటి అల్లరి జరగలేదు. 25 మంది మీద కేసులు పెట్టారు, 57 మందిని దేశం నుంచి పంపేశారు. ఆ రాత్రి అల్లరిని ఆపబోయిన కార్మికులు కూడా ఉన్నారు, కానీ వాళ్ల గురించి ఎవరూ ఎక్కువ చెప్పుకోరు.

ఆ తర్వాత ఆ ఏరియాలో మందు మీద కట్టడి వచ్చింది. 2014లో పార్లమెంటు ఒక్క సంవత్సరానికి ప్రత్యేక చట్టం చేసింది. లిటిల్ ఇండియాలోకి వచ్చేవాళ్లను మందు కోసం తనిఖీ చేసే అధికారం పోలీసులకు ఇచ్చారు. 2015 ఏప్రిల్ 1 నుంచి సింగపూర్ మొత్తానికీ చట్టం వచ్చింది. రాత్రి 10:30 నుంచి పొద్దున 7 దాకా బహిరంగ ప్రదేశంలో ఎవరూ తాగకూడదు. లిటిల్ ఇండియా, గేలాంగ్‌లలో మాత్రం శనివారం పొద్దున 7 నుంచి సోమవారం పొద్దున 7 దాకా బయట తాగకూడదు.

ఇందులో రెండు భాగాలున్నాయి చూడండి. రాత్రి పదిన్నర రూలు అందరికీ ఒకటే, ఇక్కడి పౌరుడికీ మనకీ తేడా లేదు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. తాగి రోడ్డు మీద పడే మన తమ్ముళ్లను కూడా అది కాపాడింది. రెండో భాగం మనం సెలవు రోజు కలుసుకునే చోటికి, మన సెలవు రోజుకే తగులుతుంది. చట్టంలో మన పేరు రాయలేదు, కానీ తగిలేది ఎక్కువగా మనకే. అది అవసరమా కాదా అంటే వాదన రెండు వైపులా ఉంది. ఆ వీధుల్లో కాపురం ఉండే వాళ్లకీ ప్రశాంతత కావాలి కదా. కానీ ఆ తేడాని మనం గుర్తుపట్టడం నేర్చుకోవాలి. కొన్ని వందల మంది చేసిన పనికి లక్షల మందిని అనుమానంగా చూస్తే, అది ఎలుక ఉందని ఇంటికి నిప్పు పెట్టినట్టు అవుతుంది.

రెండోది కరోనా. ఇది మీలో చాలామంది అనుభవించిందే. 2020 ఏప్రిల్ 5న పుంగోల్‌లోని ఎస్ 11, తో గువాన్‌లోని వెస్ట్‌లైట్ డార్మ్‌లను మూసేశారు. దాదాపు 20,000 మంది లోపల. తర్వాత అన్ని డార్మ్‌లూ. జబ్బు వేగంగా పాకుతోంది, ఆపాలి. ఆ రోజుకు అది సరైన పనే అని నేను ఇప్పటికీ అంటాను. వైద్యం ఉచితంగా చేశారు, భోజనం పంపారు. ఇండియాలో అదే సమయంలో వలస కూలీలు పిల్లలను భుజాన వేసుకుని వందల కిలోమీటర్లు నడిచారు. అది కూడా మర్చిపోకూడదు.

కానీ లెక్క చూడండి. ఆ ఏడాది డిసెంబరులో ప్రభుత్వమే చెప్పింది. డార్మ్‌లలో ఉండే 3,23,000 మందిలో 1,52,000 మందికి పైగా వైరస్ సోకింది, అంటే 47 శాతం. తలుపు మూస్తే జబ్బు బయటికి పోకపోవచ్చు. కానీ ఒక గదిలో అంత మందిమి, ఒకే బాత్రూమ్, ఒకే వంటగది ఉంటే లోపల ఎలా ఆగుతుంది? మనకు అసలు కావలసిన జాగ్రత్త తాళం కాదు, ఖాళీ స్థలం. ఆ సంగతి వాళ్లకూ అర్థమైంది. 2021లో కొత్త డార్మ్‌లకు కొత్త ప్రమాణాలు పెట్టారు. గదికి 12 మందికి మించకూడదు, మంచాల మధ్య ఒక మీటరు దూరం ఉండాలి. పాత డార్మ్‌లు కూడా 2030 కల్లా కొంతవరకు మారాలని తర్వాత చెప్పారు.

ఇంకో లెక్క కాలానిది. ఊరంతా 2020 జూన్ నుంచి మెల్లగా బయటికి వచ్చింది. డార్మ్‌లో ఉండే మనం మాత్రం బయటికి పోవడానికి అనుమతి అడగాల్సిన పని 2022 జూన్ 24 దాకా ఉంది. 2021లో లిటిల్ ఇండియాకు వారానికి 500 మందిని తీసుకెళ్లి తెస్తే అది వార్త అయింది! 2022 జూన్ తర్వాత కూడా ఆదివారాలు, పండగ రోజులు లిటిల్ ఇండియా, చైనాటౌన్ లాంటి నాలుగు చోట్లకు పోవాలంటే పాస్ కావలసి వచ్చింది. తర్వాత అదీ తీసేశారు. టీకా రెండు డోసులు వేసుకున్న మనిషి, అదే టీకా వేసుకున్న ఇంకో మనిషి కన్నా ఎందుకు ఎక్కువ ప్రమాదం? ఈ ప్రశ్నకు నాకు సరైన జవాబు ఇప్పటికీ దొరకలేదు. మా ఫ్లోర్‌లో ఒక తమ్ముడు, శ్రీకాకుళం కుర్రాడు, నాన్న పోతే దహనం వీడియో కాల్‌లో చూశాడు. విమానాలు లేవు, అది ఎవరి తప్పూ కాదు. కానీ మరుసటి వారం గుడికి వెళ్లి పది నిమిషాలు కూర్చుని వస్తానంటే, దానికీ దారి లేకపోయింది. ఆదేశం రాసిన వాళ్లకు ఈ పది నిమిషాల సంగతి తెలియదు. తెలియాలంటే ఎవరో చెప్పాలి.

మూడోది ట్రేస్ టుగెదర్. ఎవరెవరు దగ్గర దగ్గరగా తిరిగారో రాసుకునే యాప్, టోకెన్. కరోనా కోసమే వాడతాం అని మొదట చెప్పారు. 2021 జనవరి 4న పార్లమెంటులో తెలిసింది, నేరాల దర్యాప్తుకు పోలీసులు కూడా ఆ సమాచారం తీసుకోవచ్చు అని. ఇక్కడి జనం అడిగారు, "అలా చెప్పలేదు కదా" అని. గొడవ చేయలేదు, రాళ్లు వేయలేదు, అడిగారు. వెంటనే ఫిబ్రవరిలో చట్టం మార్చి, హత్య, ఉగ్రవాదం లాంటి ఏడు రకాల పెద్ద నేరాలకు తప్ప వాడకూడదని రాశారు. అంటే అడగడం ఎదురు తిరగడం కాదు. అడిగితే రూలు సరిగ్గా అవుతుంది, దాని మీద జనానికి నమ్మకం కూడా పెరుగుతుంది. అడగనిదే అమ్మైనా పెట్టదని మన పెద్దలు ఊరికే అనలేదు.

నాలుగోది లారీ. ఇక్కడ మామూలుగా సరుకు లారీ వెనక మనుషులను ఎక్కించుకోవడం చట్టం ఒప్పుకోదు. కానీ పనివాళ్లను తీసుకెళ్లడానికి మినహాయింపు ఉంది. 2021 ఏప్రిల్‌లో పీఐఈ మీద లారీ ప్రమాదంలో ఇద్దరు కార్మికులు చనిపోయారు, చాలామంది దెబ్బలు తిన్నారు. 2023లో స్వచ్ఛంద సంస్థలు లారీలు ఆపాలని అడిగితే, కంపెనీల సంఘాలు ఖర్చు, బస్సులు, డ్రైవర్లు చాలరు అన్నాయి. వాళ్ల కష్టం అబద్ధం అనను, కాంట్రాక్టు లెక్కలు నాకూ తెలుసు. కానీ ఇది గమనించండి. జాగ్రత్త పేరుతో మనల్ని కట్టడి చేసే రూలు ఒక్క రాత్రిలో వస్తుంది. జాగ్రత్త పేరుతో మన కోసం డబ్బు ఖర్చు పెట్టాల్సిన రూలు ఏళ్ల తరబడి చర్చలోనే ఉంటుంది. జాగ్రత్త ముఖ్యమైతే రెండూ ముఖ్యమే కావాలి. నాకున్న అసలు బాధ ఇదే.

అందుకని ఏ నోటీసు వచ్చినా మనం మూడు ప్రశ్నలు వేసుకుందాం.

ఒకటి, ఇది అందరికీనా, మనకొక్కరికేనా? మనకొక్కరికే అయితే కారణం చెప్పారా?

రెండు, ఎంతకాలం? ఆఖరి తేదీ ఉందా, మళ్లీ ఎప్పుడు చూస్తారు?

మూడు, తప్పు జరిగితే ఎవరిని అడగాలి? పేరు, నంబరు ఉందా?

ఇప్పుడు ఆ లాకర్ల నోటీసును ఈ మూడు ప్రశ్నలతో చూడండి. దొంగతనాలు ఆపడం మంచిదే. కానీ అన్ని ఫ్లోర్లకూ ఒకటేనా? ఎన్ని నెలలు? మనిషి ఎదురుగా ఉన్నప్పుడే, ఇద్దరు సాక్షులతో తెరవొచ్చు కదా? ఏం తీశారో కాగితం మీద రాసి సంతకం పెట్టొచ్చు కదా? కారిడార్‌లో కెమెరా పెడితే సరిపోదా? ఇలా అయితే ఫోను పోయిన తమ్ముడికీ న్యాయం, పెట్టె ఉన్న తమ్ముడికీ మర్యాద.

ఎలా అడగాలి అన్నది చాలా ముఖ్యం. ఇది మన ఊరు కాదు. ఇక్కడ పర్మిట్ లేకుండా ధర్నా, నినాదాలు నేరం, ఒక్కడే నిలబడ్డా నేరమే. హాంగ్ లిమ్ పార్కులో మాట్లాడే వెసులుబాటు కూడా మన లాంటి వాళ్లకు కాదు. 2012 నవంబరులో చైనా నుంచి వచ్చిన 171 మంది బస్సు డ్రైవర్లు పనికి పోకుండా ఆగిపోయారు. ఐదుగురు జైలుకు వెళ్లారు, 29 మందిని వెనక్కి పంపారు. జీతం తేడా గురించి వాళ్ల మాటలో న్యాయం ఉందో లేదో పక్కన పెట్టండి, దారి మూసుకుపోయింది. అలాగే ఫార్వర్డ్‌లు. 2020లో ఫ్రాన్స్ దాడుల తర్వాత రెచ్చగొట్టే పోస్టుల విషయంలో 16 మంది విదేశీయులను పంపేశారు. వాళ్లలో 15 మంది బంగ్లాదేశ్ వాళ్లు, ఎక్కువమంది మన లాగా నిర్మాణ పని వాళ్లే. కోపంలో ఒక్క నొక్కు నొక్కితే ఇంట్లో అప్పు అలాగే మిగిలిపోతుంది.

ఉన్న దారులు చెప్తాను. ముందు నోటీసు ఫోటో తీసి పెట్టుకోండి, తేదీ కనపడేటట్టు. మీకు అర్థం కాని భాషలో ఉంటే మన గ్రూపులో పెట్టండి, చదివి చెప్పే వాళ్లున్నారు. డార్మ్ మేనేజర్‌కి ఇద్దరు ముగ్గురు వెళ్లి మర్యాదగా, రాసిచ్చి అడగండి. జవాబు లేకపోతే మైగ్రెంట్ వర్కర్స్ సెంటర్‌కి ఫోన్ చెయ్యండి, 6536 2692. ఎంఓఎం ఉంది, జీతం గొడవలకు టాడ్‌ఎం ఉంది. జీతం విషయం ఏడాది లోపే పెట్టాలి, పని మానేసి ఉంటే ఆరు నెలల లోపే. పాస్‌పోర్ట్ మీది, మీ దగ్గరే ఉండాలి. పోలీసు ఆపి పర్మిట్ అడిగితే చూపించండి, వాదించకండి. మీరూ మర్యాదగా "ఎందుకు సార్" అని అడగొచ్చు.

కొందరు తమ్ముళ్లు అంటారు, "అన్నా, మనం నాలుగు డాలర్లు సంపాదించడానికి వచ్చాం, ఈ హక్కులు గిక్కులు మనకెందుకు" అని. అయ్యా, ఇల్లు వదిలి సముద్రం దాటి వచ్చినప్పుడు మనం చేతులు మాత్రమే తెచ్చామా? మనిషి మొత్తం వచ్చాడు. ఆ మనిషికి ఆదివారం ఉంది, గుడి ఉంది, తాళం వేసుకునే ఒక చిన్న పెట్టె ఉంది. ఇంకొందరు "రూల్స్ అన్నీ మనల్ని తొక్కడానికే" అంటారు. అదీ ఒప్పుకోను. ఈ దేశంలో ఆడపిల్ల అర్ధరాత్రి ఒంటరిగా నడిచి పోతోందంటే రూల్స్ వల్లే. మనం పంపిన డబ్బు ఇంటికి భద్రంగా చేరుతోందంటే కూడా రూల్స్ వల్లే.

డిసెంబరు 18 అంతర్జాతీయ వలసదారుల దినోత్సవం. ఆ లోపల, లాకర్ల నోటీసు మీద ఒక కాగితం తయారు చేద్దాం. పై మూడు ప్రశ్నలు, మన నాలుగు సూచనలు, ఒక్క పేజీ. తిట్లు వద్దు, బతిమాలడం కూడా వద్దు. ఆ డార్మ్‌లో ఉన్నవాళ్లు బ్లాక్‌కి ఇద్దరు చొప్పున పేర్లు గ్రూపు అడ్మిన్‌కి పంపండి. ఇంగ్లీషులో రాసే బాధ్యత ఇంజినీరింగ్ చదివిన మన తమ్ముడొకడు తీసుకున్నాడు. మేనేజర్ దగ్గరికి నేను కూడా వస్తాను.

ఉంటాను. రేపు పొద్దున సైట్‌లో హార్నెస్ మర్చిపోకండి.