గళ్ళ నుడికట్టు – ఇంటిల్లిపాది సాయము

(సంఘ సాహిత్య సమావేశమున చేసిన ప్రసంగపు పాఠము)



దినపత్రికలో వచ్చు గళ్ళ నుడికట్టును పూరించుటలో ఒకరి సాయమును మరొకరు ఎట్లు పొందవలెనో చెప్పుమని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. ఇది కాలక్షేపపు విషయము గదా, దీనికి సభ యెందుకని కొందరు పెద్దలు నవ్విరి. నవ్వదగినదే. కాని హోసూరులోను, బళ్ళారిలోను, షోలాపురములోను, బరంపురములోను తరతరములుగా కాపురమున్న మన కుటుంబముల సంగతి చూడుడు. తాతకు తెలుగు మాట వచ్చును, మనుమనికి తెలుగు అక్షరము రాదు. కొన్ని యిండ్లలో మనుమడు అక్షరములు నేర్చినను తాత యెరిగిన మాటలు వానికి తెలియవు. ఈ ఇద్దరిని ఒక్క కాగితము నొద్ద కూర్చుండబెట్టగల పని మాకు ఇదియే తోచినది.

ఈ ఆట పుట్టినది మన దేశమున గాదు. 1913 డిసెంబరు 21న న్యూయార్కు వరల్డు అను పత్రికలో ఆర్థర్ విన్ అను నాతడు వజ్రాకారముగా గళ్ళు గీచి ప్రకటించినది మొదటిదని చెప్పుదురు. లండను టైమ్సువారు 1930వ సంవత్సరమున గాని దీనిని చేర్చుకొనలేదు. 1942 జనవరిలో డెయిలీ టెలిగ్రాఫువారు 12 నిమిషములలో పూరింపవలెనని పందెము పెట్టగా, అందు పాల్గొన్నవారిలో కొందరిని ప్రభుత్వమువారు శత్రువుల రహస్యలిపులు విప్పు పనిలోనికి తీసికొనిరి. తెలుగున శ్రీశ్రీగారు ‘పదబంధ ప్రహేళిక’ యనియు, ఆరుద్రగారు ‘గళ్ళ నుడికట్టు’ అనియు పేరిడి వీనిని కూర్చి పాఠకులకు అలవాటు చేసిరి.

గళ్ళు పరదేశపువైనను ప్రహేళిక మనకు పాతదే. దండి తన కావ్యాదర్శమున 16 విధముల ప్రహేళికలను చెప్పి, అవి వినోద గోష్ఠులలో పనికివచ్చునని వ్రాసెను. గోష్ఠి యన్నచో నలుగురు కూడినదే గదా! మన పొడుపుకథయు అట్టిదే. పొడుచువాడొకడు, విప్పువారు పదిమంది. కావున నుడికట్టున ఇతరుల సాయము కోరుట చిన్నతనమను మాటను మేము ఒప్పుకొనము. ఏ సాయము, ఎప్పుడు, ఎంత అనునదే విచారింపవలసినది.

ముందుగా తెలుగు గడికిని ఇంగ్లీషు గడికిని గల భేదమును చెప్పవలెను. చెన్నపట్టణపు ‘హిందూ’ పత్రికలోని నుడికట్టును పూరించు అలవాటు మనవారిలో పలువురికి గలదు. అందు ఒక్కొక్క గడిలో ఒక్కొక్క లిపిగుర్తు. చదువు రానివారు అందులో వేలు పెట్టలేరు. తెలుగున గడికొక అక్షరము, గుణింతముతోను ఒత్తుతోను కూడినది. ‘స్త్రీ’ యనునది ఒక్క గడి. ‘రాష్ట్రము’ మూడు గళ్ళు. పొల్లు లేని మాటలో ఎన్ని అచ్చులు వినబడునో అన్ని గళ్ళు. దీనివలన గలిగిన మేలేమనగా, ఏ బడికిని పోని అవ్వయైనను మాటను పలికి వ్రేళ్ళమీద లెక్కించి, ఇది మూడింటిలో పట్టును, నాలుగింటిలో పట్టదు అని చెప్పగలదు. ఇంగ్లీషున ఈ సౌకర్యము లేదు. మన అవ్వల నుండి సాయము పొందుటకు లిపియే మనకు దారి యిచ్చినది. దానిని మనము వాడుకొనుట లేదు.

ఇక అడుగుట యెట్లు? పిల్లవాడు పరుగున వచ్చి, “మొదట మ, తరువాత రెండు గళ్ళు, ఏమిటి?” అని అడిగినచో అవ్వ ఏమి చెప్పును? ఆమెకు గళ్ళు కనబడవు, అర్థము కావలెను. “దీనిని మన యింట ఏమందురు? మీ చిన్ననాట ఏమనెడివారు? పెండ్లిళ్ళలో ఏమందురు?” అని అడుగవలెను. ఒక్క ఉదాహరణము చెప్పెదము. ఆధారము ఇట్లున్నదనుకొనుడు: ‘పాలిచ్చును, కాని పట్టపురాణి (3)’. పాలిచ్చునది యనగానే కోస్తావారు గేదె యందురు, తెలంగాణమువారు బర్రె యందురు. రెండును రెండేసి గళ్ళు. మన అవ్వ ‘ఎనుము’ అనును. మూడు గళ్ళు సరిపోయినవి! పిల్లవాడు సంతోషముతో వ్రాసివేయును. అంతలో చివరి గడిలో ముగియు నిలువు మాట ‘ఋషి’ యని తేలును. ‘ము’ పోయి ‘షి’ రావలెను. అప్పుడు ఇంటిల్లిపాదియు మరల ఆలోచనలో పడుదురు. పట్టపురాణిని పట్టమహిషి యందురని ఎవరికో స్ఫురించును. మహిషి యనగా ఎనుమే గదా! అవ్వ చెప్పినది తప్పు కాలేదు. జవాబునకు అదియే మెట్టైనది. పది నిమిషములలో పిల్లవాడు ఒక సంస్కృతపు మాటను, ఒక ఇంటి మాటను, వాని చుట్టరికమును గ్రహించెను. ఏ పాఠమును ఇంత త్వరగా చెప్పలేము.

ఆధారమును చదువుటలో కొన్ని కిటుకులు గలవు. వానిని పెద్దలు పిల్లలకు చెప్పుట జవాబు చెప్పుటకంటె మేలు. ‘తిరగబడిన తీగ శిరస్సైనది (2)’ అన్నచో లతను త్రిప్పి చదువవలెను, తల వచ్చును. ‘కల’ యొకటి, ‘కలం’ ఒకటి చేర్చిన ‘కలకలం’ అగును గనుక కూర్పరి ‘స్వప్నమును లేఖినియు కలిసిన గోల (4)’ అని అడుగవచ్చును. ‘తిరుపతిలో దాగిన భర్త (2)’ అన్నచో ఊరి పేరులోనే పతి యున్నాడు. ‘మిత్రుడైనను మిట్టమధ్యాహ్నము మండిపడును (3)’ అన్నచో మిత్రుడే జవాబు, ఆ మాటకు సూర్యుడనియు అర్థము గలదు. ఈ తుదిదాని వంటివి మాకు మిక్కిలి ఇష్టము. గళ్ళు నింపుటకు మాత్రమే పనికివచ్చు అర్థము లేని ముక్కలను, తుదిలేని మాట, మొదలులేని మాట యనుచు అడుగు కూర్పరులను మేము అంతగా మెచ్చము.

అక్షరదోషముల సంగతియు చెప్పవలెను. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒక్కటే గుర్తు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము మొదలు తమిళనాటి బడులలో తమిళము తప్పనిసరి యైనది. ఆ భాష నేర్చుట మంచిదే, మనము ఆ నేల నీరు త్రాగినవారము. కాని తెలుగును ఇంటివద్దనే నేర్వవలసిన పిల్లలు ‘భాష’ను ‘బాష’ యని వ్రాయుచున్నారు. ఎర్రసిరాతో దిద్దినచో వారికి కోపము వచ్చును. నుడికట్టులో నైతే దిద్దువారు అక్కరలేదు. అడ్డము ‘బాష’ యని వ్రాసినవానికి అదే గడినుండి దిగు నిలువు ‘బరువు (3)’ అని యున్నచో ‘భారము’ పొసగదు. ఒత్తు తానే వచ్చి చేరును. హ్రస్వదీర్ఘములును ఇట్లే తేలును. కన్నడ లిపి మనదానికి దగ్గర గనుక బళ్ళారి, బెంగళూరు పిల్లలకు ఈ చిక్కు తక్కువ.

నిఘంటువును ఎప్పుడు తీయవలెను? ఇంటిలోని వారందరును చేతులెత్తిన తరువాత. బహుజనపల్లి సీతారామాచార్యులుగారి శబ్దరత్నాకరము 1885 నాటిది, నేటికిని దిట్టమైనది. 1852 నాటి బ్రౌనుదొరగారి నిఘంటువున వాడుక మాటలు విరివిగా దొరకును. ఇప్పుడు ఆంధ్రభారతి వారి అంతర్జాల స్థలమున అనేక నిఘంటువులను ఒక్కచోటనే వెదకవచ్చును గనుక పుస్తకము లేదను సాకు చెల్లదు. బంధువుల వాట్సాపు బృందమున ప్రశ్న నుంచుట మాత్రము మాకు నచ్చదు. క్షణములో జవాబు వచ్చును, పిల్లవాడు గడి నింపి మరచును. ఎవరికిని ఏమియు మిగులదు.

ఒక్క మనవి. కూర్పరులు పెక్కుమంది ఆంధ్ర, తెలంగాణములవారు. వారి గళ్ళలో చీపురు వచ్చును. మన పొరక రాకపోవచ్చును. రెండును మూడేసి గళ్ళే గనుక అడ్డము తగులువరకు ఏది సరియో తెలియదు. అట్లు పొసగని మాటను కొట్టివేయకుడు. కాగితపు అంచున వ్రాసి, చెప్పినవారి పేరు, ఊరు చేర్చి మన కార్యాలయమునకు పంపుడు. శబ్దరత్నాకరమున చేరని మాట మన అవ్వ నోట నుండవచ్చును. ఆమె వెళ్ళిపోయిన పిమ్మట దానిని ఎవరి నడుగుదుము? వచ్చిన మాటలను వారమువారము ఈ పత్రికలో ప్రకటించుటకు కార్యవర్గమువారు అంగీకరించిరి.

మేము కూర్చిన చిన్న నుడికట్టు ప్రతులు వెనుక బల్లమీద నున్నవి. ఇంటికొకటి తీసికొనుడు, ఇద్దరికి తక్కువ కాకుండ కూర్చుండి పూరింపుడు. అందులో 5 నిలువు ఇది: ‘నీట పుట్టినది, ఎటునుండి చదివినను అదియే (3)’. జవాబును మమ్ము అడుగకుడు, ఇంటికి పోయి పెద్దల నడుగుడు.